లేత పొగ

గ్యాస్ పొయ్యి మీట తిప్పేసి, లైటరు ఎక్కడ పెట్టానా అని తీరిగ్గా వెతుకుతున్నాడు ముక్కు మాస్టారు.

"నాన్నా! వెలిగించకు!" కూతురు పరుగెత్తుకొచ్చి మీట కట్టేసింది. "ఇల్లంతా కంపు కొడుతుంటే తెలీడం లేదా నీకు?"

భార్య గబగబా కిటికీలు తెరిచింది.

ముక్కు మీద కోపం ఉన్నవాళ్ళు ఊరినిండా ఉంటారు. ముక్కు మీద సంసారం నిలబెట్టినవాడు మాత్రం ఇతనొక్కడే. స్కాచ్ విస్కీలు దిగుమతి చేసుకునే కంపెనీలో రుచి చూసే ఉద్యోగం. కొనబోయే సరుకు వాసన పట్టాలి, నాలుక మీద తిప్పాలి, ఉమ్మెయ్యాలి, అందులో ఏముందో చెప్పాలి. అందుకే కంపెనీలో ఆ పేరు. మొన్న వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ ముక్కును వెంట తీసుకుపోయింది. ఇప్పుడతనికి మల్లెపువ్వూ మురిక్కాలవా ఒకటే.

"మేనేజరుకి చెప్పెయ్యండి," అంది భార్య ఇటు తిరిగి.

"చెబితే? వట్టిపోయిన గొడ్డుకి గడ్డేస్తారా ఎవరైనా?"

"మరి ఇవాళ ఎవరో వస్తున్నాడన్నారుగా?"

అదే అతని గుండెల్లో రాయి. ఈమధ్యే సీసా బిరడా కుళ్ళి కంపుపట్టిన సరుకును భేషుగ్గా ఉందని కొనిపించాడు. మేనేజరు తిట్టలేదు. "ఒకాయన వస్తాడు మాస్టారూ, ఇద్దరూ పక్కపక్కన కూర్చుని రుచి చూద్దురుగాని," అన్నాడంతే.

హెడ్డాఫీసు నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చేవాడు కాక ఇంకెవరై ఉంటాడు?

రుచి చూసే గదిలో ఆయన అప్పటికే కూర్చుని ఉన్నాడు. మెడకు మఫ్లరు, కాళ్ళకు అరిగిన చెప్పులు.

'వేషం కూడా వేసి పంపారు,' అనుకున్నాడు ముక్కు మాస్టారు.

"నమస్కారం, అన్నగారూ," అంటూ ఆయన లేచాడు.

"ఆఁ."

ముక్కు మాస్టారికి నోరు పిడచగట్టుకుపోతోంది. బల్ల మీదున్న నీళ్ళ గ్లాసెత్తి తాగబోయాడు. మఫ్లరాయన చటుక్కున చెయ్యి చాపి లాక్కున్నాడు.

"ఇదేం పనయ్యా? నోటి దగ్గర నీళ్ళు లాక్కుంటావా?"

"ఫినాయిల్ కంపు కొడుతోందండీ. గ్లాసు సరిగ్గా కడిగినట్టు లేదు."

ఆ నీళ్ళు సింకులో పారబోసి వచ్చి, అతని ముఖంలోకి పరకాయించి చూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"పిల్లలున్నారా, అన్నగారూ?"

"ఒక్కతే కూతురు. చదువుకుంటోంది. నీకెందుకు?"

"ఊరికేనండీ."

ముక్కు మాస్టారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు. దొరికిపోయాను. ఉద్యోగం ఊడగొట్టేముందు ఉసురు తగులుతుందేమోనని పిల్లల లెక్క అడుగుతున్నాడు.

మేనేజరు వచ్చి ఇద్దరి ముందూ గ్లాసులు పెట్టాడు.

మొదటిదానికి మఫ్లరాయన ఆగలేదు. "తేనె, ఆపిల్ పండు. పొగ వాసన అసలు లేదండీ."

"నా మాటా అదే," అన్నాడు ముక్కు మాస్టారు, నుదురు తుడుచుకుంటూ.

"రెండోది మాస్టారు ముందు చెబుతారు," అన్నాడు మేనేజరు.

గ్లాసులో విస్కీ ఎర్రగా ఉంది. షెర్రీ అనే ద్రాక్షసారా పట్టిన పీపాలో పండిన సరుకని రంగే చెబుతోంది.

"షెర్రీ పీపా. ఎండుద్రాక్ష, ఖర్జూరం."

"బాగుంది. మరి పొగ?"

అక్కడే ఉంది గొయ్యి. కొన్నింటికి బార్లీ గింజల్ని పీటు అనే నల్లమట్టి పొగలో ఆరబెడతారు. ఆ పొగ రంగులో దొరకదు, ముక్కుకే దొరకాలి. అతను గుటకెడు నోట్లో తిప్పాడు. నాలుక మీద మంట తప్ప ఏమీ లేదు. కుడితిలో పడ్డ ఎలుకలా నలువైపులా చూశాడు.

ఎదురుగా మఫ్లరాయన, పొయ్యి ముందు కూర్చున్నవాడిలా కళ్ళు నులుముకుంటున్నాడు.

సైగా? లేక ఎర వేస్తున్నాడా?

"చెప్పండి మాస్టారూ."

మునిగేవాడికి గడ్డిపోచ కూడా దూలమే. "ఉందండీ. లేత పొగ. ఉండీ లేనట్టు," అన్నాడు.

మేనేజరు ముఖం చిట్లించలేదు. రెండోవైపు తిరిగాడు. "మీరో?"

మఫ్లరాయన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచి ముందు ముక్కు మాస్టారి వైపు చూశాడు.

"ఎండుద్రాక్ష తగిలిందండీ. పొగ మాత్రం తగల్లేదు."

"మళ్ళీ చూడండి."

"చూశానండీ. నాకైతే లేదు."

అప్పటిదాకా బిగబట్టిన భయమంతా ముక్కు మాస్టారి నోట వెటకారమై తన్నుకొచ్చింది. "అయ్యగారు ముక్కు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టున్నారు! ఆ మఫ్లరేదో దానికే చుట్టుకోకపోయారా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. వెళ్తూ వెళ్తూ చెవి దగ్గర వంగి, "మంచి డాక్టరుకి చూపించుకోండి అన్నగారూ. కొందరికి తిరిగొస్తుంది," అన్నాడు.

ముక్కు మాస్టారు చటుక్కున లేచాడు. తెలిసిపోయింది! ఇక రిపోర్టు రాసేస్తాడు. వెనకే వెళ్ళి కాళ్ళు పట్టుకుందామని కిటికీ దగ్గరికి పరుగెత్తేసరికి, మఫ్లరు కిక్కిరిసిన బస్సు ఎక్కేసింది.

"సార్," అన్నాడు వెనక్కి తిరిగి, "ఆ హెడ్డాఫీసాయన నా గురించి ఏం రాస్తాడంటారు?"

"హెడ్డాఫీసాయనేంటి మాస్టారూ?" మేనేజరు గ్లాసులు సర్దుతూ అన్నాడు. "అతని కంపెనీ మూతబడి ఏడాదిగా పనిలేక తిరుగుతున్నాడు పాపం, ఆ పొగేదో అతనికీ తగిలుంటే మీ కుర్చీ అతనికే ఇమ్మన్నారు పైవాళ్ళు."