లైట్ల మీద గుడ్డలు

“నా కారేమన్నా నీ దండెం అనుకున్నావా?”

మణికుమార్ కేకకి గుణదల సందులో రెండు మూడు బాల్కనీ తలుపులు తెరుచుకున్నాయి. కొని నలభై రోజులన్నా కాని కారు. దాని ముందు లైట్ల మీద చెరొకటి చొప్పున రెండు పాత గుడ్డలు. పక్కనే ప్రహరీ నీడలో బండి పెట్టుకుని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న శౌరమ్మ, చేతిలోని పెట్టె నిలబెట్టి తలెత్తింది.

“నిన్నేనమ్మా అడిగేది. ఎన్నాళ్ల నుంచి సాగుతోందిది?”

“కారొచ్చిన మర్నాటి నుంచండి,” అంది శౌరమ్మ.

ఆ జవాబులో తడబాటు లేకపోవడం మణికుమార్‌ని ఇంకా మండించింది. బెంజ్ సర్కిల్ దగ్గర పార్కింగ్ దొరకదని అతను ఆఫీసుకి స్కూటర్ మీదే వెళ్తాడు. ఆదివారాలు బయటికి తీస్తే తప్ప, కారు రోజంతా ఇంటి ముందే, పడమటెండకి ఎదురుగా నిలబడి ఉంటుంది. కొత్త లైట్లు మసకబారకుండా వాటికి ఫిల్మ్ అంటించే మనిషి ఇవాళ వస్తానన్నాడు. అందుకని మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. లేకపోతే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

“అంటే నేనటు వెళ్లగానే ఆరేసి, ఇటొచ్చేలోపు తీసేస్తున్నావన్నమాట.”

“ఐదింటికి తీసేస్తానండి. అప్పటికి ఎండ దిగిపోద్ది గదా.”

“చూశావా, ఎంత తాపీగా చెబుతోందో!” అంటూ గేటు దగ్గర నిలబడ్డ భార్య వైపు తిరిగాడు.

“మీరే కప్పి వెళ్తున్నారేమో అనుకున్నానండీ,” అంది ఉష నెమ్మదిగా.

మణికుమార్ ఒక గుడ్డని లాగి రోడ్డు మీద పడేశాడు. జేబులోంచి ఫోన్ తీసి వీధి అసోసియేషన్ సెక్రటరీకి కలిపాడు.

“గంగాధర్ గారూ, ఈ ఇస్త్రీ బండి ఇక్కడుండటానికి వీల్లేదండీ. మంచీ మర్యాదా చూసి ఊరుకుంటే కొత్త కార్ల మీద గుడ్డలారేసుకుంటున్నారు. సాయంత్రానికల్లా తీయించెయ్యండి... సరే, ఓ అరగంటలో మీరే ఫోన్ చెయ్యండి.”

శౌరమ్మకి అంతా వినపడింది. ఆ బండి తప్ప ఆమెకి వేరే ఆధారం లేదని సందులో అందరికీ తెలుసు. ఆమె చేతిలో ఉన్న చొక్కా మడత పూర్తి చేసి, మిగతావాటి మీద పెట్టింది.

“రేపటి దాకా ఆగమనండి బాబూ. అందరి బట్టలూ నా దగ్గరే ఉన్నాయి. ఇచ్చేసి పోతాను.”

మణికుమార్ ఏదో అనబోయేంతలో మోటార్ సైకిల్ వచ్చి ఆగింది. ఫిల్మ్ అంటించే జయంత్ సంచీతో దిగాడు. కారు ముందు గొంతుక్కూర్చుని, రెండో లైటు మీదున్న గుడ్డని పైకి లేపబోయాడు. అది లేవలేదు. అంచు పట్టుకుని నిదానంగా విడదీసి, తిప్పి చూశాడు.

“ఈ కవర్లు ఎక్కడ కుట్టించారు సార్?”

“కవర్లేంటయ్యా? ఆవిడ గుడ్డలారేసింది.”

“ఆరెయ్యడం కాద్సార్. ఇటు చూడండి.”

పైన దళసరి దుప్పటి గుడ్డ. మధ్యలో వెండిరంగు షీటు. లైటుకి తగిలే వైపు గీత పడకుండా మెత్తటి బనీను గుడ్డ. అంచు చుట్టూ ఎలాస్టిక్. సరిగ్గా లైటు ఎంతుందో అంతే, మూల వంపుతో సహా.

“మన విజయవాడ ఎండకి లైటు పైనుండే ప్లాస్టిక్కు మూడు నాలుగేళ్లకే పసుపుపచ్చగా అయిపోద్ది సార్. వెలుగు సగానికి పడిపోద్ది. అది ఆపడానికే నేను ఫిల్మ్ వేసేది. ఇదెవరో కొలత తీసుకుని మరీ కుట్టారు.”

మణికుమార్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఎలాస్టిక్ లాగి వదిలాడు. తర్వాత ఎందుకో తలెత్తి సందు చివరిదాకా చూశాడు. రెండిళ్ల అవతల ఎండలో నిలిపిన స్కూలు ఆటో లైటుకి ఇలాంటి గుడ్డే ఉంది. దాని వెనక మంచినీళ్ల టిన్నుల వ్యానుకి రెండున్నాయి. రోజూ ఆ దారినే వెళ్తూ వస్తూ కూడా అతను ఎన్నడూ గమనించలేదు.

రోడ్డు మీద పడేసినదాన్ని వంగి తీశాడు.

“ఇదంతా... నువ్వే కుట్టావా?”

“అవునండి.”

“మరి ముందే ఒక్క మాట చెప్పొచ్చుగా శౌరమ్మా?”

“చెబితే కొందరు వద్దంటారండి.”

జేబులో ఫోన్ మోగింది. తెర మీద గంగాధర్ పేరు. మణికుమార్ దాన్ని మోగనిచ్చాడు.

“నీకు కారు లేదు. కనీసం సైకిలన్నా లేదు. మా లైట్లు మసకబారితే నీకేంటమ్మా నష్టం?”

శౌరమ్మ అతని చేతుల్లోంచి ఆ రెండింటినీ తీసుకుంది. దుమ్ము దులిపి, జయంత్ పక్కకి జరిగాక, ఒకటి ఎడమ లైటుకి తొడిగి అంచు సర్దింది. రెండోది తొడుగుతూ, వెనక్కి తిరగకుండానే చెప్పింది.

“మా అబ్బాయిని గుద్ది చంపినాయన కూడా మంచోడే బాబూ. లైట్లు పచ్చబడిపోయి, రోడ్డు దాటే మనిషి కనపళ్లేదంట.”