మట్టి మరిచేదాకా

"వేళ్ళు తెగకూడదు బాబూ! పసిపిల్లకి తల స్నానం చేయించినట్టు మెల్లగా కడగండి" అంది అత్తగారు.

అల్లుడు బకెట్ ముందు గొంతుకూర్చుని టమాటా మొక్క వేళ్ళకున్న మట్టిని భయం భయంగా వదిలిస్తున్నాడు. ఇంటి యజమాని పెరడంతా సిమెంటు చేయిస్తానని కబురు పెట్టడంతో మొక్కలన్నీ బాల్కనీలోని గొట్టాల్లోకి కాపురం మార్చాల్సి వచ్చింది. అక్కడ మట్టి ఉండదు. ఎరువు కలిపిన నీళ్ళని ఓ చిన్న పంపు గొట్టాల్లో తిప్పుతూ ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు నర్సరీలో పనిచేసిన అత్తగారు ఆ పని దగ్గరుండి చేయించడానికే వచ్చింది.

"మొక్కలు కుదురుకోగానే వెళ్ళిపోతాను. అక్కడ అక్కయ్య ఒక్కతే ఉంది" అని వచ్చిన రోజే చెప్పేసింది.

వారంలో అయిపోతుందనుకున్న పని నెలకి పాకింది. మొక్కలు పొద్దున్నే తలలు వేలాడేసేవి, సాయంత్రానికి కాస్త తేరుకునేవి, మర్నాడు మళ్ళీ మొదటికొచ్చేవి.

"నీ చేతిలో మొక్క వాడడమేంటమ్మా!" అని కూతురు ముక్కున వేలేసుకుంది.

"పుట్టి బుద్ధెరిగి మట్టి తప్ప చూడని మొక్కలే. దాన్ని మరిచిపోవడానికి టైం పట్టదా?"

అల్లుడికి మాత్రం ఓపిక లేనట్టుంది. తన ఆఫీసు గది ఆవిడకిచ్చేసి, డైనింగ్ టేబుల్ మీద ఉప్పు డబ్బా పక్కన లాప్‌టాప్ పెట్టుకుని పనిచేస్తున్నాడు. రోజూ కాఫీ చేతికిస్తూ "మొక్కలు ఎంతవరకు వచ్చాయి అత్తయ్యగారూ?" అని అడిగేవాడు. ఆ ప్రశ్న ఆవిడకి చురుక్కుమనేది. సాగనంపడానికి ఎంత తొందరో అనుకునేది.

శుక్రవారం పుదీనా రెండు చిగుళ్ళు వేసింది. కూతురు చప్పట్లు కొట్టి, ఆదివారానికి టికెట్ తీసేసింది.

"పెద్దమ్మ రోజూ ఫోన్ చేసి నా ప్రాణం తోడేస్తోందమ్మా!"

ఆవిడ నవ్వలేక నవ్వింది. అక్కయ్య పొద్దస్తమానం టీవీ ముందే ఉంటుంది. పక్కవాళ్ళు నోరు విప్పితే "ఉష్" అంటుంది. ఈ ఇంట్లో మాట్లాడుకోవడానికి మనుషులున్నారు. వెళ్ళాలంటే ఆవిడకి కాళ్ళు రావడం లేదు.

శనివారం తెల్లవారుతుండగా ఆవిడ ఎప్పటిలాగే అందరికన్నా ముందు లేచి బాల్కనీలోకి వచ్చింది. అందరికన్నా ముందు కాదు. పంపు చప్పుడు ఠక్కున ఆగింది. స్విచ్చి మీద చెయ్యేసి అల్లుడు నిలబడి ఉన్నాడు.

"బాబూ! మీరా?"

అల్లుడు స్విచ్చి మీంచి చెయ్యి తీసేశాడు. "తప్పే అత్తయ్యగారూ. మీరొచ్చాక మీ అమ్మాయి నన్ను పల్లెత్తు మాట అనలేదు. తడి తువ్వాలు మంచం మీద పడేసినా సరే! నెల రోజులు స్వర్గం చూశాను."

"అందుకని పచ్చటి మొక్కల గొంతు పిసుకుతారా?"

"ఒట్టు, ఈ ఒక్కరోజే! ఇన్నాళ్ళూ వాటంతటవే వాడిపోయేవి కదా, నిశ్చింతగా ఉన్నాను. ఎక్కడ కుదురుకుంటాయోనని రోజూ మిమ్మల్ని అడిగేవాణ్ణి. నిన్న ఆ చిగుళ్ళు చూశాక గుండె ఆగినంత పనైంది."

ఆవిడ కళ్ళు చెమర్చాయి. అయినా పెద్దరికం అడ్డొచ్చి, గొంతు గంభీరంగా మార్చింది.

"నోరులేని మొక్కలతో ఆటలేంటి బాబూ? వెళ్ళి పడుకోండి. అమ్మాయికి చెప్పన్లెండి."

అల్లుడు తల దించుకుని లోపలికి వెళ్ళాడు.

నెల రోజులుగా ఆ స్విచ్చి ఆపుతున్నది ఆవిడే.