ముందు వరుస

రేపు రంగుల ఫ్యాక్టరీ గేటు ముందు బైఠాయింపు. ఈరోజు బృంద నాయకులకు దెబ్బలు తినడంలో శిక్షణ.

ఉపన్యాసాలు దంచితే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టేనని, ప్రతిదీ వాళ్లచేతే చేయించాలని ఉద్యమం నడిపే మేడమ్ పట్టుబట్టి ఈ పాఠాలు తయారుచేసింది. పొద్దున తిట్ల అభ్యాసం. సగం మంది తిట్టాలి, మిగతా సగం నోరు మెదపకుండా కూర్చోవాలి. రిటైరైన పంతులుగారు ఎంత గింజుకున్నా "మూర్ఖుడా" దాటి ముందుకు పోలేకపోయారు. గదంతా నవ్వులు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. ఈ గడప లోపల అక్కా తమ్ముడూ, మామా అల్లుడూ ఎవరూ ఉండరు, అందరూ కార్యకర్తలేనన్నది ఆవిడ నియమం. అసలు వాళ్లంతా వేర్వేరు పేటల నుంచి వచ్చినవాళ్లు. ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలియదు.

మధ్యాహ్నం లాఠీ పాఠం చెప్పడానికి, అందరూ బండ అని పిలిచే మనిషి వచ్చాడు. మొన్నమొన్నటిదాకా ఆ ఫ్యాక్టరీ గేటు కాసినవాడే. వస్తూనే మేడమ్‌ను వరండాలోకి పిలిచాడు.

"ఫ్యాక్టరీవాళ్లు బయటి నుంచి మనుషుల్ని దింపారమ్మా. ఇనప రాడ్లతో. ముందు వరుసలో కూర్చున్నవాళ్లు మళ్లీ లేవకూడదని చెప్పారట. ఆపేయండి."

ఆవిడ తలుపు సందులోంచి లోపలి వరుసల్ని ఓసారి చూసింది.

"ఇప్పుడు ఆపితే జనం ఈ జన్మలో మళ్లీ కదలరు. కాలవలో ఆ ఫ్యాక్టరీ విషం పారుతూనే ఉంటుంది. ఎవరికీ చెప్పకు."

లోపలికొచ్చేసరికి, తను వెనక కూర్చోబెట్టిన పొట్టిజుట్టు పిల్ల ముందు వరుస నడిమధ్యకు వచ్చి బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"బృందానికి నాయకురాల్ని, నేనే వెనక దాక్కుంటే మనల్నెవరు నమ్ముతారు మేడమ్? రేపు నా చోటు ఇదే."

చప్పట్లు మోగాయి. పొద్దుటి నుంచీ ఇదే వరస, ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు అందరూ అటే తిరుగుతున్నారు. మేడమ్ ముఖం మాడిపోయింది. ఆవిడ కుర్చీ కిందికి నీళ్లొచ్చాయని వెనక ఎవరో గొణిగారు.

లేచి వెనక్కి పొమ్మంది మేడమ్. పోనంది పిల్ల.

బండ ఒక్కొక్కరి భుజం మీదా లాఠీ ఆనించీ ఆనించనట్టు ఆనిస్తూ వస్తున్నాడు. మేడమ్ వెళ్లి అతని చేతిలోంచి లాఠీ లాక్కుంది.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోచేతి మీద. చర్మం చిట్లింది. చెయ్యెత్తితే ఓడిపోయినట్టేనని పొద్దున నేర్పింది మేడమే, అందుకని పిల్ల పళ్లు బిగించి కూర్చుంది. మూడోది మోకాలి కింద తగిలింది. చితుకు విరిగిన చప్పుడు. అయినా ఆవిడ ఆగలేదు. సరిగ్గా అక్కడే మళ్లీ కొట్టింది.

బండ వెనక నుంచి ఒడిసిపట్టుకున్నాడు. పంతులుగారు లేచొచ్చి మేడమ్‌ను తిట్టారు. ఈసారి ఆయన "మూర్ఖురాలా" దగ్గర ఆగలేదు.

"చెయ్యెత్తలేదు, చూశారుగా," అంటూ పిల్ల నెత్తుట్లో పక్కకి ఒరిగిపోయింది.

మేడమ్ ఆయాసపడుతూ లాఠీ కింద పడేసింది.

"రేపు ఆ చోట పంతులుగారు కూర్చుంటారు."

"కూర్చుంటాను. నువ్వు చెప్పావని కాదు, ఆ పిల్ల కోసం," అన్నారాయన.

ఆసుపత్రిలో డాక్టర్ మండిపడ్డాడు. కాలి ఎముక రెండు ముక్కలైంది, మూడు నెలలు మంచం దిగడానికి వీల్లేదు. ఎవరు కొట్టారని అడిగితే, నేనే అంది మేడమ్. ఆయన ఆవిడను ఎగాదిగా చూశాడు.

"మనిషివేనా నువ్వు? వెంటనే ఆపరేషన్ చెయ్యాలి, సంతకం కావాలి. నువ్వు అవతలికి పోయి ఈ పిల్ల కన్నవాళ్లని పిలిపించు."

"నేనే దాని అమ్మని," అంది మేడమ్, పెన్ను కోసం చెయ్యి చాపుతూ.