దస్తీ వేసిన సీటు

చిట్యాలలో బస్సెక్కగానే నిర్మలమ్మకు మళ్లీ ఆ దస్తీయే కనబడింది.

కుడివైపు మూడో వరుస. కిటికీ పక్కన ముప్పై ఏళ్ల అమ్మాయి. ఆమె పక్క సీట్లో పసుపు పువ్వుల చేతిరుమాలు, ఇంటి అల్లుడిలా దర్జాగా కూర్చుని ఉంది. మిగతా బస్సంతా కిటకిట.

నిర్మలమ్మకు యాభై రెండేళ్లు. పట్నంలో ఒక ఆఫీసులో అటెండరు. ఆమె మోకాళ్లు రెండూ ఏడాది కిందటే రాజీనామా ఇచ్చేశాయి.

“మనిషొస్తరమ్మా,” అంది ఆ అమ్మాయి, రోజూలాగే.

నిర్మలమ్మ కండక్టర్ నాగేందర్‌ను నిలదీసింది.

“టికెట్టు లేని దస్తీకి సీటేందయ్యా?”

“ఆడోళ్లకు టికెట్టు ఫ్రీ గదమ్మా. దస్తీ గూడ ఆడోళ్లదే,” అని అతను ముందుకు జరిగిపోయాడు.

చౌటుప్పల్‌లో ఆ ‘మనిషి’ ఎక్కాడు. చేతిలో సంచి లేదు. తలకు దువ్వెన తగల్లేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. పొద్దున ఏడింటికే ఆ కళ్లంటే రాత్రంతా ఎంత తాగాడో అనుకుంది నిర్మలమ్మ.

దస్తీ లేచింది. వాడు కూర్చున్నాడు. టిఫిన్ డబ్బా మూత తెరుచుకుంది.

“తిను సన్నీ. ఉప్మల పల్లీలు ఎక్కువేసిన.”

ఇక ముచ్చట్లు. ఆమె చెబితే వాడు నవ్వుతాడు. వాడు చెబితే ఆమె నవ్వుతుంది. ముప్పై ఏళ్ల కాపురంలో నిర్మలమ్మా, ఆమె భర్త సాయిలూ కలిసి అన్ని మాటలు మాట్లాడుకోలేదు. నవ్వుల సంగతి అడగనే వద్దు. హయత్‌నగర్ వచ్చేసరికి వాడి తల ఆమె భుజం మీదికి వాలుతుంది. ఆమె నెట్టెయ్యదు. పైగా బస్సు కుదిపినప్పుడల్లా చెయ్యి అడ్డం పెడుతుంది.

ఎల్బీ నగర్‌లో ఇద్దరూ దిగుతారు. ఆమె మెడలో ఐడీ కార్డు సర్దుకుని తను పనిచేసే దవాఖాన వైపు నడుస్తుంది. వాడు రోడ్డు దాటి, ఎదురుగా నల్గొండ బస్సెక్కి వచ్చిన దారినే వెనక్కి పోతాడు! అంటే పట్నంలో వాడికి ఏ పనీ లేదు. ఉన్న పనల్లా ఈ గంటంపావే. బేవార్సుగాడు.

ఆ అమ్మాయి కాళ్లకేమో మెట్టెలున్నాయి.

నిజం చెప్పాలంటే నిర్మలమ్మ కోపం మొదట్లో సీటు కోసమే. ఆ అమ్మాయి జీరో టికెట్టు కోసం ఆధార్ కార్డు చూపించిన రోజున అది మారింది. నిర్మలమ్మ మెడ సాచి చదివేసింది. పేరు తిరుమల. భర్త డానియల్. ఊరు ఎర్రగట్టు.

పాపం, ఆ డానియల్ ఎక్కడ గొడ్డులా కష్టపడుతున్నాడో! ఇక్కడ ఈ సన్నీగాడు ఉప్మా మెక్కుతున్నాడు. నిర్మలమ్మకు నిజంగానే దుఃఖమొచ్చింది. పచ్చని కాపురం కళ్లముందే కూలిపోతుంటే కడ్డీ పట్టుకుని చూస్తూ నిలబడాలా?

“నీకెందుకే?” అన్నాడు సాయిలు, ఇంట్లో ఈ సంగతి చెబితే.

“నీకేం తెల్వదు, ఊకో.”

ఆ వారానికి ఆ దంపతుల మాటలు అంతే.

శనివారం వాడు భుజం మీద నిద్రపోతుండగా నిర్మలమ్మ ఫోన్లో ఫోటో తీసింది. ఆదివారం ఆమెకు సెలవు. దవాఖానకు ఆదివారాలుండవు కాబట్టి తిరుమల ఇంట్లో ఉండదు. అన్నీ చూసుకుని మధ్యాహ్నం ఎర్రగట్టు స్టేజీలో దిగి, ఇల్లు అడుక్కుంటూ పోయింది.

అరుగు మీద ఒక ముసలామె చేట ముందేసుకుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తిరుమల అత్త, సాలమ్మ.

“డానియల్ ఉన్నడా పెద్దమ్మా?”

“లోపల పండుకున్నడు. జర మెల్లగ మాట్లాడు బిడ్డా. అలిసిపోయి పదకొండింటికొచ్చిండు.”

“నీ కోడలు?”

“పొద్దుగాల పోతే పొద్దుగూకినంక వస్తది. ఆమె వచ్చేటాళ్లకు వీడు పోతడు. ఏం బతుకులో ఏమో, ఒకరి మొహం ఒకరికి కనబడది.”

నిర్మలమ్మ నిట్టూర్చింది. అదీ సంగతి. పిల్ల దారి తప్పిందంటే తప్పదూ మరి.

“పెద్దమ్మా, నేను ఒకరి కొంపల పుల్లలు పెట్టేదాన్ని గాదు. గని ఇది జర చూడు. చౌటుప్పల్ కాడ ఎక్కుతడు, ఎల్బీ నగర్ దాక ఇదే కథ. నీ కొడుకు సంసారం ఆగం గాకముందే కోడలికి బుద్ధి చెప్పుకో.”

సాలమ్మ కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోన్ దగ్గరగా పెట్టుకుంది. తర్వాత దూరంగా పెట్టి చూసింది. ముఖం కందగడ్డ అయింది.

“రోజూనా?”

“రోజూ. నా మోకాళ్లే సాక్ష్యం.”

“డబ్బా గూడ తెస్తదా?”

“ఉప్మా. పల్లీలేసి.”

“నాకు పల్లీలు అయిపోయినయన్నది!”

సాలమ్మ చేట పక్కకు నెట్టి లేచింది. ఆ ఊపు చూసి నిర్మలమ్మకు భయమేసింది. మంచి చెయ్యబోతే కొంపలో కొట్లాటే మొదలయ్యేట్టుంది.

“మెల్లగ పెద్దమ్మా, డానియల్ లేస్తడు!”

సాలమ్మ వినలేదు. రెండు చేతులతో తలుపు దబదబా బాదింది.

“లేవురా డానియల్, ఆరింటికే నైట్ డ్యూటీ దిగి, కంపెనీల ఆపిన్రని నాకు చెప్పి, నిన్ను సన్నీ అని పిలిచే పెళ్లాం పక్కన కూసోని రోజూ పట్నం దాక పోయొస్తున్నవారా?”