పెద్ద అతిథి వాటా

నలుగురం వస్తున్నాం, భోజనం మీ ఇంట్లోనే అని తాలాయ్‌బెక్ ముందే ఫోన్ చేయించాడు. నరిన్ కొండల్లో పేదరికాన్ని తరిమేసే సంస్థకి ఆయన పెద్ద అధికారి. పేదరికం సంగతేమో గానీ, ఆయన పొట్ట మాత్రం ఏటికేడు అభివృద్ధి చెందుతోంది.

సైరాకాన్ అవ్వ ఆయన్ని గుమ్మానికి ఎదురుగా, పెద్ద అతిథి చోట కూర్చోబెట్టింది. మాంసం పళ్ళేలు పొగలు కక్కుతూ వచ్చాయి. ఉడికిన గొర్రె తలని తెచ్చి ఆయన ముందు పెట్టింది. తల పెట్టకుండా అతిథిని పంపితే ఆ ఇంటికి ఊళ్లో తలెత్తుకునే దారి ఉండదు.

"చూశారా?" బుగ్గ మాంసం కోస్తూ పక్కవాళ్లతో అన్నాడు. "నోరు తెరిస్తే లేదు లేదంటారు. విందు మాత్రం ఇదీ! ఏ మేనల్లుడి మందలోంచో తోలుకొచ్చి ఉంటారు. వీళ్ల దరిద్రమంతా ఇక్కడే ఉందండీ. చెయ్యి చాచడం తెలుసు, దాచుకోవడం తెలీదు."

పక్కవాళ్లు నోటినిండా మాంసంతో తలలూపారు.

"తిను బాబూ, చల్లారిపోతుంది," అంది అవ్వ.

"తింటాలే అవ్వా. వసంతంలో నీకో గొర్రెపిల్లనిచ్చాం కదా, ఈపాటికి బాగా ఎదిగుండాలి. అది బాగుందని నేను చెబితేనే నీకు ఆవు. ఆవొస్తేనే నీ మనవరాలికి పట్నంలో చదువు. లేదంటే నీలాగే పిడకలు చేసుకుంటూ బతుకుతుంది. తిన్నాక చూపించు."

అవ్వ టీ పోసింది.

"ఏం, అమ్మేశావా? నీ కొడుకు తాగేశాడా?"

"ఎక్కడికీ పోలేదు బాబూ. ఈ ఇంట్లోనే ఉంది."

"మంచిది. మీ మాటలు నమ్మి చాలాసార్లు మోసపోయాను. కళ్లతో చూడందే ఒప్పుకోను."

గుమ్మం దగ్గర మనవరాలు బెగిమాయ్ నిలబడి ఉంది. పెద్ద అతిథి తన వాటాలోంచి చెవి కోసి ఇంటి పిల్లకి పెట్టడం ఆనవాయితీ. తాలాయ్‌బెక్ ఒక చెవి కోశాడు.

"రావే తల్లీ, ఇది తింటే పెద్దల మాట వింటావు."

పిల్ల వెనక్కి జరిగింది. ఒక్కసారిగా భోరుమంటూ బయటికి పరిగెత్తింది.

"మర్యాద కూడా నేర్పలేదు. ఇంక వీళ్లేం బాగుపడతారు!" అంటూ ఆయన ఆ చెవిని తన నోట్లోనే వేసుకోబోయి ఆగిపోయాడు.

దాని నడిమధ్యన, సంస్థ పసుప్పచ్చ బిళ్ల తగిలించడానికి వసంతంలో ఫొటోకి నవ్వుతూ తన చేత్తోనే పొడిచిన చిల్లు ఉంది.