ఎనిమిది తొర్రల సాలీడు

ఎండిపోయిన మద్దిచెట్టుకు ఎనిమిది తొర్రలు. ఒకదాంట్లో ఉడుత ఉండేది. అది పిలవగానే ఒక సాలీడు వచ్చి, చలిగాలి చొరబడకుండా గుమ్మానికి తెర అల్లిపెట్టేది.

"నా సాలీడు నాకొక్కదానికే పనిచేస్తుంది," అని ఉడుత పక్క తొర్రలోని తొండతో గొప్పలు పోయింది.

"నా సాలీడూ అంతేనమ్మా," అంది తొండ.

ఒక మధ్యాహ్నం గాలివాన ఎనిమిది తెరలనూ చింపేసింది. ఉడుత పిల్లలు తడిసి వణుకుతున్నాయి. ఎనిమిది తొర్రల్లోంచీ ఒక్కసారే కేకలు లేచాయి.

"వచ్చానమ్మా!"

హమ్మయ్య అనుకుంది ఉడుత. అదే గొంతు, అదే క్షణాన, తొండ తొర్రలోనూ పలికింది. పై తొర్రల్లోనూ పలికింది.

ఉడుత తలెత్తింది. గుమ్మంలో సాలీడు లేదు. ఒక్క కాలు మాత్రం నెమ్మదిగా దారం అల్లుతోంది.

"మిగతా ఒళ్లేదీ?"

"అందరూ ఒకేసారి పిలిచారు కదమ్మా," అంది కాలు, అల్లడం ఆపకుండా.