ఎర్రగుడ్డ కట్టిందెవరు?

"మేం కట్టలేదంటే కట్టలేదు!" కాంట్రాక్టు కంపెనీ మేనేజరు బల్ల గుద్దాడు.

"అయితే మేం కట్టామా? మావాళ్లలో పరంజా ఎక్కే ధైర్యం ఎవడికుంది?" అన్నాడు ఎదురు కుర్చీలోంచి బిల్డింగు యజమాని తరఫు ఆఫీసరు.

ఇద్దరి మధ్యా కూర్చున్న పెద్దమనిషి కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. బిల్డింగు పని ఎందుకు ఆలస్యమైందో, తప్పు ఎవరిదో తేల్చి రిపోర్టు రాయడం ఆయన వృత్తి. పని చచ్చాకే వస్తాడు కాబట్టి సైట్లలో అందరూ ఆయన్ని పంచనామా గారంటారు. పొద్దుటినుంచీ ఈ ఒక్క ముక్కే వినీ వినీ ఆయనకు తల ప్రాణం తోకకొచ్చింది.

గొడవల్లా ఒక ఎర్రగుడ్డ గురించి. ఐదో అంతస్తు దగ్గర, కూలీలు ఎక్కి పనిచేసే పరంజా ఇనప గొట్టానికి అది కనిపించింది. సైట్లో ఎర్రగుడ్డ కట్టారంటే ఆ పరంజా ప్రమాదం, ఎవరూ ఎక్కకూడదని అర్థం. కట్టినవాళ్లు వచ్చి విప్పేదాకా పని బందు. ఎవరూ వచ్చి విప్పలేదు. ఎండాకాలంలో ఆగిన పని వానలు వెళ్లిపోయినా మొదలవలేదు. ఆ నష్టం ఎవరి నెత్తిన పడాలన్నదే ఇప్పుడు తగవు.

"మీరూ కట్టక, వాళ్లూ కట్టక, దానంతటదే వచ్చి కట్టుకుందా?" విసుగ్గా అడిగాడు పంచనామా గారు.

ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్లు అప్పుడు తొలిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మా సైటు ఇంజనీరు కట్టి ఉంటాడు. పని ఎగ్గొట్టడానికి, కంపెనీకి తెలియకుండా," అన్నాడు మేనేజరు నెమ్మదిగా.

"అలా రాసేస్తే మాకూ అభ్యంతరం లేదు," అన్నాడు ఆఫీసరు.

"సాయంత్రానికల్లా సంతకం పెట్టేయండి సార్," అన్నాడు మేనేజరు. " రేపట్నుంచి వాడు సైటుకి రాడు. గొడవ వదిలిపోతుంది."

గోడవారగా నిలబడ్డ ఇంజనీరు మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

పంచనామా గారికి ఒళ్లు మండింది, కానీ పైకి అరవడానికి ఓపిక లేదు. సంతకం పడేస్తే ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు తనమీద తనకే అసహ్యమేసింది. "ఒక్కసారి కళ్లతో చూసొస్తా," అంటూ లేచాడు. ఇంజనీరు వెనకాలే నడిచాడు.

"నాతో నిజం చెప్పవయ్యా. నువ్వు కట్టావా?"

"నా పిల్లలమీద ఒట్టు సార్, కట్టలేదు. ముందురోజు సాయంత్రం పెద్ద గాలివాన. రేకులన్నీ లేచిపోయాయి. మర్నాడొచ్చేసరికి అది ఉంది. పరంజా కదిలిందని యజమాని తరఫు సేఫ్టీవాళ్లు కట్టారనుకున్నాం. వాళ్లేమో మేం కట్టామనుకున్నారు."

"ఎక్కి చూడొచ్చుగా?"

"ఎర్రగుడ్డ ఉంటే ఎక్కకూడదు కదండీ."

"పోనీ వాళ్లనే అడగొచ్చుగా?"

"మా లాయరు నోరెత్తొద్దన్నాడు సార్. ముందు అడిగినవాడిదే తప్పవుతుందట. వాళ్ల లాయరూ వాళ్లకి అదే చెప్పాడట."

పంచనామా గారు నుదురు కొట్టుకున్నాడు.

"ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కుందును సార్," అన్నాడు ఇంజనీరు. "పని ఎగ్గొట్టడానికి ఎర్రగుడ్డ కట్టినవాడంటే నన్ను ఏ సైటువాళ్లు గేటు దాటనిస్తారు?"

పంచనామా గారినీ పరంజా ఎక్కనివ్వలేదు. "ఎర్రగుడ్డ ఉంది సార్," అంటూ వాచ్‌మన్ అడ్డం నిలబడ్డాడు. కనీసం ఎదురుగా నిలబడి చూద్దామని ఇద్దరూ రోడ్డవతల పాత ఫ్లాట్లలోకి వెళ్లారు. లిఫ్టు చెడిపోయి ఎన్నాళ్లయిందో. ఐదంతస్తులూ ఎక్కేసరికి ఆయన చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

తలుపు తీసిన పెద్దావిడ వాళ్లను ఎగాదిగా చూసింది.

"ఎదురు బిల్డింగువాళ్లేనా? హమ్మయ్య, ఇన్నాళ్లకి వచ్చారా! సంగతేంటో వినకుండానే అర్జీ పెట్టుకోమంటాడు మీ వాచ్‌మన్. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది."

దుమ్ము గురించే అయ్యుంటుందనుకున్నాడు పంచనామా గారు. ఏ సైటు పక్కన ఉన్నవాళ్లయినా చెప్పుకునేది అదే. "చెబుతానమ్మా, వాళ్లతో గట్టిగా చెబుతాను," అని అలవాటుగా అనేసి బాల్కనీలోకి నడిచాడు.

రోడ్డవతల ఎర్రగుడ్డ ఎండకు వెలిసి, వానకు నాని, గొట్టానికి చుట్టుకుని ఉంది. ముడి ఉందో లేదో ఇక్కణ్ణుంచి తెలియడం లేదు. ఇంజనీరు దాన్ని పగవాణ్ణి చూసినట్టు చూశాడు.

"అమ్మా, ఎవరైనా అక్కడికి ఎక్కడం మీరు చూశారా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

"మీ సైట్లో పైకెక్కేవాడు ఒక్కడుంటే నాకీ తిప్పలెందుకు నాయనా?" అంటూ ఆవిడ లోపలికి వెళ్లింది.

పంచనామా గారికి ఉన్న ఒక్క ఆశా పోయింది. ఇక రిపోర్టులో రాయడానికి పక్కనున్న మనిషి తప్ప ఎవరూ మిగల్లేదు. బాల్కనీలో స్టూలుమీద కూలబడ్డాడు.

"ఏమీ అనుకోకయ్యా," అన్నాడు తలెత్తకుండా.

ఇంజనీరు మెడలోని ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకున్నాడు.

పెద్దావిడ ఇద్దరికీ మంచినీళ్లు తెచ్చింది. చెమటలు కక్కుతున్న పంచనామా గారిని చూసి జాలిపడి, భుజంమీదున్న ఉతికిన తువ్వాలు తీసి ఆయన చేతికిచ్చింది. ఎర్రటి తువ్వాలు.

"నెమ్మదిగా తుడుచుకో నాయనా, జతలో ఇదొక్కటే మిగిలింది. రెండోది ఆ గాలివాన రోజు నా తీగమీంచి ఎగిరెళ్లి మీ ఇనప గొట్టాలకి చుట్టుకుంది. ఎక్కి తీసివ్వండ్రా అంటే ఒక్కడూ వినడు!"